వానకు చేతులు లేవు

ప్రశ్న: మాది తిరుపతి. చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. పోయిన నెల మొక్కు ఉందని అమ్మతో కలిసి అలిపిరి మెట్లెక్కి, దిగేటప్పుడు కూడా నడిచే దిగాను. మర్నాడు మంచం దిగలేకపోయాను. సెలవు కోసం ‘మై నీస్ ఆర్ హాంపర్డ్’ అని మెయిల్ పెడితే, మా మేనేజరు ‘దీపావళికి ముందే హాంపర్ వచ్చేసిందా?’ అని గ్రూపులో అందరికీ కనబడేలా రాశారు. అంతకుముందు నెలవారీ రిపోర్టులో ‘రెయిన్ రిస్ట్రెయిన్డ్ ద డిస్పాచ్’ అని రాస్తే కొట్టేసి, పైన ప్రశ్నార్థకం పెట్టారు. డిక్షనరీ తీస్తే హాంపర్, హిండర్, ఇంపీడ్, రిస్ట్రెయిన్, కర్బ్ అన్నింటికీ ‘అడ్డగించు, ఆటంకపరచు’ అనే ఉంది. లింప్‌కూ హాబుల్‌కూ ‘కుంటు’ అనే ఉంది. ఏది ఎక్కడ వాడాలి? ఇంకొకటి. మా ఆఫీసులో ఒకతను నా ఇంగ్లిష్ ‘హాల్టింగ్’ అన్నాడు. అది మెచ్చుకోవడమా, వెక్కిరించడమా? మా తమ్ముడు ఎస్సై పరీక్షకు చదువుతున్నాడు. వాడి పుస్తకంలో రిస్ట్రెయింట్ ఒక నేరం, కన్ఫైన్‌మెంట్ ఇంకో నేరం అని ఉందట. రెండూ మనిషిని ఆపడమే కదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

అమ్మాయీ, నువ్వు నా మనవరాలి ఈడు దానివి కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను.

ముందు మోకాళ్ల సంగతి చూద్దాం. నీ మొదటి రెండు పదాలూ అక్కడే ఉన్నాయి. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, అంతే. కాళ్లకు అసలు దెబ్బ దిగేటప్పుడే తగులుతుంది. ఒక్కో మెట్టు దిగుతుంటే తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఒంటి బరువును పట్టి ఉంచాలి. ఆ నొప్పి వెంటనే తెలియదు. మర్నాడు మొదలై ఆ మరుసటి రోజుకు బాగా ముదురుతుంది. అందుకే మా ఇంట్లో ఎవరు నడిచి ఎక్కినా బస్సులోనే దిగమంటాను. స్వామి ఏమీ అనుకోడు.

ఇప్పుడు చెప్పు. నీకు నొప్పి ఒక కాలికా, రెండు కాళ్లకా? ఒక కాలికే అయితే నువ్వు లింప్ అయ్యావు. నొప్పి ఉన్న కాలి మీద ఎక్కువసేపు నిలబడలేక, దాన్ని ఇలా ఆనించి అలా ఎత్తేసి, బరువంతా మంచి కాలి మీదికి మార్చేస్తాం. ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి. చెప్పుల చప్పుడు విన్నా తెలిసిపోతుంది, తాళం తప్పుతుంది. ఆ నడక లింప్.

రెండు కాళ్లూ పట్టేసి, గోడ పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో ‘అమ్మా, అయ్యా’ అనుకుంటూ బాత్రూం దాకా వెళ్లావంటే అది హాబుల్. మెట్లు దిగివచ్చి అలిపిరి పాదాల మండపం దగ్గర ఆటోల కోసం చూసేవాళ్లను ఒక పది నిమిషాలు గమనించు. కాలు బెణికి లింప్ చేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతావాళ్లంతా హాబులే. మంచం దిగలేకపోయానన్నావు కాబట్టి నీదీ హాబులే అయ్యుంటుంది.

హాబుల్‌కు ఇంకో అర్థం ఉంది. అది తెలిస్తే నీ మిగతా ప్రశ్నలకు తాళంచెవి దొరికినట్టే. పశువు పారిపోకుండా కాళ్లు కలిపి కట్టడాన్ని కూడా హాబుల్ అనే అంటారు. నా చిన్నప్పుడు మా ఊరి చెరువు గట్టు మీద గాడిదలకు ముందరి కాళ్లు రెండూ తాడుతో కట్టి మేతకు వదిలేవాళ్లు. అవి మేసేవి. చిన్నగా గెంతుతూ గడ్డి ఉన్నచోటికి జరిగేవి. పరుగు మాత్రం తీయలేవు. మనం ‘ముందరికాళ్లకు బంధం వేశారు’ అంటామే, ఇంగ్లిషువాడి హాబుల్ అచ్చం అదే. 1910 ప్రాంతంలో పడమటి దేశాల ఆడవాళ్లలో చీలమండల దగ్గర బిగుతుగా ఉండే స్కర్టు ఒకటి ఫ్యాషనై, దానికి హాబుల్ స్కర్ట్ అని పేరొచ్చింది. బారెడు అడుగు వేస్తే బోర్లా పడతారు. డబ్బులిచ్చి మరీ కాళ్లకు బంధం వేయించుకున్నారన్నమాట. మన హైహీల్స్ సంగతి నేను మాట్లాడను.

గాడిద ఆగలేదు, గమనించావా? నడక సాగుతూనే ఉంది, వేగమే పోయింది. నీ డిక్షనరీ ‘అడ్డగించు’ అన్న ఒక్క మూటలో కట్టి దాచేసింది ఈ తేడానే. తప్పు డిక్షనరీది కూడా కాదు, దానికున్న చోటు అంతే. ఆ మూట విప్పి చూస్తే లోపల తాళ్లూ కొయ్యలూ వలలూ గొలుసులూ కనిపిస్తాయి. ఇంగ్లిష్‌లో ఈ పదాల్లో కొన్నిటి పుట్టిల్లు పశువుల కొట్టమో గుర్రాల శాలో. మన పదాలూ అక్కడివే. కాబట్టి వీటిని ‘ఆటంకపరచు’తో కలిపి బట్టీ పట్టొద్దు. కొట్టంలోని వస్తువుతో జత చేసుకో.

పలుపు తెలుసు కదా? ఆవు మెడకు వేసి గుంజకు కట్టే తాడు. ఇంగ్లిష్‌లో టెదర్. తాడు ఎంత పొడుగుంటే అంత మేర గుండ్రంగా తిరిగి మేయొచ్చు, అది దాటి పోలేదు. నీ ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇవ్వడాన్ని టెదరింగ్ అంటున్నారే, పేరు ఈ పలుపు నుంచే వచ్చింది. ల్యాప్‌టాప్ నీ ఫోన్‌కు కట్టేసిన ఆవు, దూరం తీసుకెళ్తే నెట్ తెగిపోతుంది.

ఇక గుదిబండ. కంచెలు దూకే దొంగగొడ్డు మెడకు పెద్ద కొయ్య వేలాడదీసేవాళ్లు. పరుగెత్తబోతే అది ముందరి కాళ్లకు తగిలి ఆపుతుంది. ఇంగ్లిష్‌లో క్లాగ్ అంటే మొదట కొయ్యమొద్దే. పశువు కాలికో మనిషి కాలికో తగిలించి కదలిక తగ్గించే మొద్దుకూ అదే పేరు. ఇప్పుడు కాలువ పూడుకుంటే, సింకు జామైతే క్లాగ్ అయిందంటున్నాం. చెక్క చెప్పులు కూడా క్లాగ్సే. మొద్దు ఒకటే, పనులు మూడు.

కళ్లెం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కర్బ్ మీ రిపోర్టుల్లో పనికొచ్చే పదం. గుర్రం నోట్లో ఉండే కళ్లేనికి దాని దవడ కింద నుంచి బిగించే గొలుసో పట్టీయో కర్బ్. రౌతు పగ్గం లాగితే అది నొక్కుకుని, గుర్రం తల వంచి వేగం తగ్గిస్తుంది. గుర్రాన్ని చంపడం, కట్టేయడం కాదు. దూకుడు తగ్గించడం. అందుకే కర్బ్ పక్కన వచ్చే మాటలన్నీ విజృంభించే స్వభావం ఉన్నవే: ఖర్చులు, ధరలు, కోపం, కాలుష్యం. మన పేపర్లు ‘ధరలకు కళ్లెం’ అని హెడ్డింగ్ పెడతాయి. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చమంటే కర్బ్ తప్ప ఇంకో పదం వెతకక్కర్లేదు. ‘ఫ్యాక్టరీ డీజిల్ ఖర్చును కర్బ్ చేయాలి’ బాగుంటుంది. ‘వాన డిస్పాచ్‌ను కర్బ్ చేసింది’ బాగోదు. మీ డిస్పాచేమీ తల ఎగరేసి దూకే గుర్రం కాదు కదా. రోడ్డు పక్కన ఫుట్‌పాత్ అంచు రాయిని కర్బ్ అనడం కూడా ఈ పదం నుంచే. బ్రిటన్‌లో దాన్ని వేరే అక్షరాలతో రాస్తారు, పలకడం ఒకటే.

చెక్ పుట్టిల్లు మాత్రం వేరు, చదరంగం. పారశీకంలో షా అంటే రాజు. ‘రాజుకు గండం’ అని హెచ్చరించే కేకే తిరిగి తిరిగి ఇంగ్లిష్‌లో చెక్ అయింది. రాజు అంతటితో చావడు, కానీ ముందు ఆ గండం నుంచి తప్పించుకోవాలి, ఇంకే ఎత్తూ వేయడానికి లేదు. మన జిల్లా వాళ్లకు దీనికన్నా మంచి ఉదాహరణ చెక్‌డ్యామ్. వంకలో నీటిని అది పూర్తిగా ఆపదు. ఉరకకుండా నెమ్మదింపజేసి, కాసేపు నిలబెట్టి, భూమిలోకి ఇంకనిస్తుంది. నిండితే పైనుంచి పొర్లిపోతుంది. చెక్ చేయడమంటే ఎంత మేరకు ఆపడమో ఆ గోడను చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు కాళ్ల దగ్గరికి వద్దాం. నాకు బాగా ఇష్టమైనది ఇంపీడ్. లాటిన్‌లో పాదాన్ని పెస్ అంటారు, రూపం మారితే పెడ్. పెడల్, పెడెస్ట్రియన్ అక్కడివే. మన ‘పాదం’ సంస్కృతం నుంచి వచ్చింది కదా, ఆ సంస్కృత పాదమూ ఈ లాటిన్ పెడ్డూ ఇంగ్లిష్ ఫుట్టూ ఒకే మూలానికి పుట్టిన అన్నదమ్ములు. కాలికి వేసే సంకెల ఫెటర్ కూడా ఆ ఇంటిదే. ఇంపీడ్ అంటే అక్షరాలా పాదాలకు చిక్కు వేయడం. రోమన్ సైన్యం వెంట వచ్చే బండ్లు, గుడారాలు, కంచరగాడిదల మీది మూటలు, ఈ మొత్తం సామాను పేరు ఇంపెడిమెంటా. అది లేకుండా యుద్ధం నడవదు, అది ఉంటే సైన్యం నడవదు. నాలుగు సూట్‌కేసులతో తిరుమల కాటేజీ వెతుక్కునే కుటుంబాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

దీని తోబుట్టువు నీకు రోజూ ఎదురవుతూనే ఉంటుంది. ‘కైండ్లీ ఎక్స్‌పెడైట్’, అంటే దయచేసి త్వరగా కానివ్వండి, అనే మెయిల్ లేని ఆఫీసు మన దేశంలో ఉందా? ఎక్స్‌పెడైట్ అంటే చిక్కుకున్న పాదాన్ని విడిపించడం. ఇంపీడ్ కట్టేస్తుంది, ఎక్స్‌పెడైట్ విప్పుతుంది. రెండూ కలిపి గుర్తుపెట్టుకుంటే ఏదీ మరిచిపోవు. తెలుగులో ఇంపీడ్‌కు నేను ‘ఆటంకపరచు’ కన్నా ‘మోకాలడ్డు’ అనే చెబుతాను. పాదం బదులు మోకాలు వచ్చిందనే గానీ బొమ్మ అదే.

ఇంపెడిమెంట్‌తో మాత్రం జాగ్రత్త. నేను కొత్తగా లెక్చరర్‌గా చేరినప్పుడు ఒక సహోద్యోగి బస్సు దొరక్క మీటింగుకు రాలేకపోయాడు. ప్రిన్సిపాల్ అడిగితే నేను ఠీవిగా ‘హి హాజ్ యాన్ ఇంపెడిమెంట్, సర్’ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, ‘అవునా? క్లాసులో బాగానే మాట్లాడతాడే!’ అన్నాడు. మనిషికి ఇంపెడిమెంట్ ఉందంటే వినేవాళ్లకు మొదట తట్టేది నత్తి అని నాకు అప్పుడు తెలియదు. ఆ సహోద్యోగి రిటైరయ్యేదాకా నన్ను ఆ మాటతోనే ఏడిపించాడు. దానికన్నా నీ హాంపర్, అదే పండగ కానుకల బుట్ట, నయం.

హిండర్ ఇంకో వైపు నుంచి పనిచేస్తుంది. ‘బిహైండ్’లోని హైండ్ దీనికి చుట్టం. వెనక్కి లాగడం, వెనకపడేలా చేయడం. పశువు వెనక కాళ్లను హైండ్ లెగ్స్ అంటారు కదా, ఆ హైండే. పుట్టుక చూస్తే ఇంపీడ్ కాళ్లకు చిక్కు, హిండర్ వెనక నుంచి లాగుడు. కానీ ఈ రోజు వాడుకలో ఈ తేడా దాదాపు చెరిగిపోయిందని ఒప్పుకోవాలి. ఇంపీడ్ కొంచెం కోటు వేసుకున్న పదం, రిపోర్టుల్లో, కోర్టు కాగితాల్లో కనిపిస్తుంది. హిండర్ మామూలు చొక్కా. ఒకదాని చోట ఇంకొకటి రాసినా మీ మేనేజరు కొట్టేయడు, కొట్టేస్తే ఆయనదే తప్పు.

ఇక నిన్ను ఏడిపించిన హాంపర్. కానుకల బుట్ట హాంపరూ, నువ్వు రాసిన హాంపరూ రెండు వేర్వేరు పదాలు, పలుకుబడి మాత్రం ఒకటైపోయింది. బుట్ట హాంపర్ పాత ఫ్రెంచిలో పానపాత్రలు పెట్టుకునే పెట్టె పేరు నుంచి వచ్చింది. కష్టపెట్టే హాంపర్‌కు ఆ పెట్టెతో సంబంధం లేదు. ‘ఆరు’ అంటే అంకె ఆరూ, తడి బట్ట ఆరడమూ ఉన్నట్టు అనుకో. కాబట్టి మేనేజరు చేసింది శ్లేష, నీ తప్పును దిద్దడం కాదు. గ్రూపులో అందరి ముందూ వేయాల్సిన శ్లేష కాదు అది, ఆయనకే విడిగా ఎవరైనా చెప్పాలి. అయినా నీ వాక్యంలో నిజంగానే ఒక లోపం ఉంది. హాంపర్ అయ్యేది పని, ప్రయత్నం, కదలిక. మోకాలు హాంపర్ అవదు. మోకాలు నొప్పెడుతుంది. ఆ నొప్పి నీ నడకను హాంపర్ చేస్తుంది. పని సాగుతూనే ఉంటుంది, కానీ అడుగడుగునా ఏదో తగులుతూ, చుట్టుకుంటూ, చిరాకుగా సాగుతుంది. తడిసిన చీరతో మెట్లెక్కినట్టు.

ఇప్పుడు ఆ వాన రిపోర్టు తీద్దాం. జూన్, జూలైల్లో తోతాపురి మామిడి దిగే రోజులు. ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, లోపల డ్రమ్ములు లారీకెక్కాలి, పైన వాన. ‘వాన డిస్పాచ్‌ను రిస్ట్రెయిన్ చేసింది’ అంటే ఎందుకు కుదరదు? రిస్ట్రెయిన్ అంటే లాటిన్‌లో వెనక్కి లాగి బిగించి కట్టడం. పట్టుకునే చెయ్యి ఉండాలి, లేదా ఆ చెయ్యి లాంటి మనసో చట్టమో పట్టీయో ఉండాలి. అవతల ముందుకు దూకాలనుకునేది ఒకటి ఉండాలి. కనుమ నాడు చంద్రగిరి మండలం రంగంపేటలో పశువుల పండగ చూశావా? కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దులు జనం మధ్యలోంచి ఉరుకుతుంటే కుర్రవాళ్లు మెడ పట్టి, మూపురం పట్టి నిలువరించాలని చూస్తారే, అది రిస్ట్రెయిన్. కొట్లాటలో ఒకణ్ని ఇద్దరు వెనక నుంచి పట్టుకోవడం రిస్ట్రెయిన్. నోటిదాకా వచ్చిన తిట్టును మింగేయడం సెల్ఫ్ రిస్ట్రెయింట్, మన నిగ్రహం. కారు సీట్‌బెల్టును కూడా రిస్ట్రెయింట్ అంటారు, ముందుకు తూలే ఒంటిని పట్టి ఉంచుతుంది గనక. వానకు చేతులు లేవు. అది ఎవరినీ పట్టుకోదు. కురుస్తుంది, బురద చేస్తుంది, టార్పాలిన్ కప్పించి గంటలు తినేస్తుంది. నువ్వు రాయాల్సింది ‘రెయిన్ హాంపర్డ్ ద డిస్పాచ్’. లారీలు కదిలాయి, ఆలస్యంగా, తక్కువగా. ఆ రోజు ఒక్క లారీ కూడా కదలకపోతే హాంపర్ కూడా చాలదు, అప్పుడు ప్రివెంట్ రాయాలి. చెట్టు కూలి రోడ్డుకు అడ్డంగా పడితే అబ్‌స్ట్రక్ట్, దారిలో ఎదురుగా గోడ లేపినట్టు. ఎంత ఆగింది, ఎవరు ఆపారు అని రెండు ప్రశ్నలు నీకు నువ్వు వేసుకుంటే చాలావరకు పదం దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

వాక్యంలో కూర్చోబెట్టే పద్ధతి ఒకటి చూసుకో. ప్రివెంట్, రిస్ట్రెయిన్ పక్కన మనిషి పేరు వచ్చి, ఆ తర్వాత ‘ఫ్రమ్’ వస్తుంది: ఫలానా వాళ్లను ఫలానా పని నుంచి. హాంపర్, ఇంపీడ్ అలా కాదు, నేరుగా పని పేరే పక్కన పెట్టుకుంటాయి. లింప్‌కు కర్మ ఉండదు, నువ్వు దేన్నీ లింప్ చేయలేవు, నువ్వే లింప్ అవుతావు. వాడిపోయిన తోటకూర కట్టను కూడా లింప్ అంటారు, అది వేరే అర్థం, వేలాడిపోయిందని. హాబుల్ రెండు విధాలా చెల్లుతుంది: ముసలాయన హాబుల్ చేస్తూ నడుస్తాడు, అప్పులు కంపెనీని హాబుల్ చేస్తాయి.

మీ తమ్ముడి సందేహం మంచిది, వాడికి నా మాటగా చెప్పు. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందులో రాంగ్‌ఫుల్ రిస్ట్రెయింట్ 126వ సెక్షన్, రాంగ్‌ఫుల్ కన్ఫైన్‌మెంట్ 127వ సెక్షన్. పాత ఐపీసీలో ఇవే 339, 340. నీకు వెళ్లే హక్కున్న దిక్కుకు వెళ్లనీయకుండా కావాలని అడ్డుపడితే రిస్ట్రెయింట్. మిగతా దిక్కులు తెరిచే ఉండొచ్చు, వెనక్కి తిరిగి ఇంటికి పోవచ్చు. ఏ దిక్కుకూ ఒక హద్దు దాటి పోనీయకుండా చేస్తే కన్ఫైన్‌మెంట్. మీ వీధి మొదట్లో ఒకడు బైకు అడ్డంపెట్టి ‘ఇటు పోవడానికి లేదు’ అంటే మొదటిది. గదిలో పెట్టి గొళ్లెం వేస్తే రెండోది. కన్ఫైన్‌మెంట్ ప్రతిదీ రిస్ట్రెయింటే, రిస్ట్రెయింట్ ప్రతిదీ కన్ఫైన్‌మెంట్ కాదు. పరీక్షలో తిరగేసి అడిగేది ఈ మాటే.

కాగితాల ప్రపంచంలోనే ఇంకొకటుంది, నీకు తెలియకుండానే తెలిసిన పదం. స్థలం కొనేముందు ఈసీ తీయించమంటారు కదా, ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. ఎన్‌కంబర్ అంటే కదలనీయని బరువు మీద పెట్టడం. ఆ భూమి మీద తనఖా లాంటి బరువేదైనా ఉందా అని చెప్పే కాగితం అది. నెత్తిన మూట, చంకలో బిడ్డ, చేతిలో సంచితో బస్సెక్కే మనిషిని కూడా ఎన్‌కంబర్డ్ అనొచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్న పదమే ఆర్టీసీ బస్టాండులోనూ ఉందన్నమాట.

షాకిల్, ట్రామెల్ త్వరగా చెప్పేస్తాను. ఫెటర్ కాళ్లకే, షాకిల్ కాళ్లకైనా చేతులకైనా. లారీ మెకానిక్‌ను ‘షాకిల్ పిన్ను’ అడిగితే కమానుకట్టను ఛాసిస్‌కు పట్టి ఉంచే సామాను చూపిస్తాడు. ట్రామెల్ మూడు పొరల చేపల వల. ఇప్పుడు ‘అన్‌ట్రామెల్డ్’ అని వ్యతిరేక రూపంలోనే ఎక్కువగా చూస్తాం, ఏ వలా లేని స్వేచ్ఛ అని. థ్వార్ట్, స్టైమీ వేరే జాతి. అవి నెమ్మదింపజేయవు, పథకాన్నే చెడగొడతాయి. థ్వార్ట్ అంటే మూలంలో అడ్డంగా అని. స్టైమీ గోల్ఫ్ ఆటలోది: నీ బంతికీ గుంటకూ మధ్య ఎదుటివాడి బంతి కూర్చోవడం. 1952లో ఆ నియమాన్ని ఆటలోంచి తీసేశారు, పదం మాత్రం పేపర్లలో ఉండిపోయింది. మన అడ్డుపుల్ల దీనికి సరిగ్గా సరిపోతుంది.

లేమ్ గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మన కుంటిసాకును ఇంగ్లిష్‌వాళ్లు లేమ్ ఎక్స్‌క్యూజ్ అంటారు. రెండు భాషలకూ ఒకే ఊహ తట్టింది. కానీ మనిషిని లేమ్ అనడం ఇప్పుడు మర్యాద కాదు, తెలుగులో మనిషిని కుంటి అనడం ఎలా కాదో అలాగే. లింప్‌కు ఆ చిక్కు లేదు, అది నడకను చెబుతుంది, మనిషికి ముద్ర వేయదు.

చివరికి హాల్టింగ్. నువ్వు రైలు హాల్ట్ గుర్తొచ్చి ‘నా ఇంగ్లిష్ ఆగిపోయిందన్నాడా’ అని కంగారు పడి ఉంటావు. రైలు హాల్ట్, సైనికుల హాల్ట్ జర్మన్ వైపు నుంచి వచ్చిన వేరే పదం. పాత ఇంగ్లిష్‌లో హాల్ట్ అంటే కాలు ఈడ్చేది, లింప్ చేసేది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిలులో విందుకు పిలవమన్న పేదల వరసలో ‘ద హాల్ట్ అండ్ ద బ్లైండ్’ అని కుంటివాళ్లు, గుడ్డివాళ్లు కనిపిస్తారు. ఆ హాల్ట్ నుంచి వచ్చిందే హాల్టింగ్: అడుగు వేసి, ఆగి, చూసుకుని, ఇంకో అడుగు వేసే మాట. పద్యాలకూ ఇదే పోలిక వాడతారు. మనం పద్యంలో ఒక వరసను పాదం అంటాం, ఇంగ్లిష్‌లో ఆ వరసలోని చిన్న ముక్కను ఫుట్ అంటారు. ఆ ఫుట్ తడబడితే హాల్టింగ్ వెర్స్. రెండున్నర వేల ఏళ్ల కిందట హిప్పోనాక్స్ అనే గ్రీకు కవి అయితే కావాలనే చివర్లో లయ విరిచి రాశాడు. ఆ ఛందస్సు పేరుకు అర్థమే ‘కుంటి నడక’ అని. తిట్టు కవిత్వానికి ఆ తూగు బాగా పనికొచ్చిందట.

కాబట్టి మీ ఆఫీసతను అన్నది మెచ్చుకోలు కాదు. వెక్కిరింత అని కూడా నేననను, అతని గొంతు నేను వినలేదు. నీ మాట గురించి నాకు తెలిసింది నీ ఉత్తరమే. డిస్పాచ్ రిజిస్టర్ రాసే మనిషి, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారని తెలిసీ ఇంగ్లిష్‌లోనే మెయిల్ పెట్టింది, పదం తప్పని తోస్తే డిక్షనరీ తీసింది, డిక్షనరీ చాలదని తేలితే నాకు రాసింది. ఇంగ్లిష్ మీడియంలో చదివి, రివర్ట్‌లోనే ‘వెనక్కి’ ఉందని తెలియక ‘రివర్ట్ బ్యాక్’ అని గడగడా రాసేవాళ్లను నేను చాలామందిని చూశాను.

రోజుకు పది పర్యాయపదాలు బట్టీ పట్టే అలవాటుంటే వదిలెయ్. నీ డిస్పాచ్ రిజిస్టర్‌లో పోయిన సీజన్ ఆలస్యాలన్నీ కారణాలతో సహా ఉంటాయి కదా. వాన, డ్రమ్ముల కొరత, డ్రైవరు రాకపోవడం, చెక్‌పోస్టు, కరెంటు కోత. ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాసి, ఏ పదం పట్టిందో చూడు. కొన్నిటికి ఈ పదాలేవీ అక్కర్లేదు, ‘డిలేడ్’ అంటే సరిపోతుంది. అక్కడ అదే రాయి.

ఆ సెలవు మెయిల్ నేనైతే ఇలా రాసేవాణ్ని: ‘ఐ క్లైమ్డ్ డౌన్ ద అలిపిరి స్టెప్స్ ఎస్టర్డే అండ్ కెన్ ఓన్లీ హాబుల్ టుడే. కైండ్లీ గ్రాంట్ మీ లీవ్.’ మేనేజరుకు శ్లేష చేయడానికి సందు దొరకదు. ‘ఎక్స్‌పెడైట్’ అని చేర్చాలనిపిస్తే చేర్చు, పాదాల సంగతే కాబట్టి తప్పులేదు.

తోతాపురి మొదలయ్యాక ఈ వాక్యాలు రాసి పంపితే దిద్దుతాను. మీ ఫ్యాక్టరీ తరఫున పండ్ల హాంపర్ కూడా వస్తే తిప్పి పంపను.